విండోస్ 11లో పాత పేజ్‌మేకర్ 6.5, అను ఫాంట్ల ఫైళ్లు తెరవాలి: వర్చువల్ మెషీన్‌తో పని అవుతుందా?

తెనాలి డీటీపీ

అందరికీ నమస్కారం. తెనాలిలో మాది చిన్న డీటీపీ సెంటర్. పుస్తకాల కంపోజింగే ప్రధానం, సీజన్లో శుభలేఖలు, మధ్యమధ్య కరపత్రాలు. ఇన్నేళ్లూ పనంతా విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఒకే సిస్టమ్ మీద, పేజీలు కట్టే పేజ్‌మేకర్ 6.5, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్‌తో నడిచింది. పోయిన నెల ఆ సిస్టమ్ మదర్‌బోర్డు కాలిపోయింది. రిపేరు చేసే అబ్బాయి చూసి ఆ మోడల్ బోర్డు ఇక దొరకదన్నాడు. హార్డ్ డిస్క్‌కి మాత్రం ఏమీ కాలేదు.

కొత్త సిస్టమ్ కొన్నాం. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, విండోస్ 11 హోమ్. పాత డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. కానీ పేజ్‌మేకర్ సీడీ పెట్టి సెటప్ నొక్కితే ఈ యాప్ మీ పీసీలో నడవదని మెసేజ్ వచ్చి ఆగిపోతోంది. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎక్స్‌పీ ఎంచుకున్నా అదే మెసేజ్.

అసలు తొందర దేనికంటే, మా దగ్గర చాలా ఏళ్ల కిందట కంపోజ్ చేసిన ఒక ఆయుర్వేద పుస్తకం పునర్ముద్రణకు వచ్చింది. డెమ్మీ సైజు, 352 పేజీలు, ఫారానికి 16 పేజీల చొప్పున సరిగ్గా 22 ఫారాలు. రాసిన వైద్యులు ఇప్పుడు లేరు. ఆయన తన కాపీ అంచుల్లో పెన్సిలుతో దిద్దుబాట్లు రాసి పెట్టుకున్నారు. అవి వేసి కొత్త ముద్రణ తేవాలని వాళ్లబ్బాయి పట్టుదల. దిద్దుబాట్లు ఎక్కువేం కాదు, పేజీకి ఒక మాటో రెండు మాటలో. కానీ పుస్తకం చివర మూలికల పదసూచిక ఉంది. అందులో పేజీ నంబర్లన్నీ చేత్తో వేసినవే. పంక్తులు జరిగి పేజీలు మారితే ఆ సూచిక అంతా మళ్లీ చూడాలి. మందు మోతాదులున్న పుస్తకం, అంకె తప్పితే ఊరుకునే విషయం కాదు.

ఒకరు ఇన్‌డిజైన్ అనే కొత్త పేజీ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకోమన్నారు, ఇంకొకరు వర్చువల్ మెషీన్ పెట్టుకోమన్నారు. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ అని మాత్రం అర్థమైంది. అందులో అను కీబోర్డు పనిచేస్తుందా? ఫైళ్లు లోపలికి, బయటికి ఎలా వెళతాయి? అచ్చుకి ప్లేటు వేసే వాళ్లకి పీడీఎఫ్ ఇవ్వగలనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెజవాడ ప్రీప్రెస్

నమస్తే అండి. నేను విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్సుల సిస్టమ్స్ చూసుకుంటాను. మీలాంటి కేసులు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. ముందు నా మాట చెప్పేస్తాను: ఈ పుస్తకానికి వర్చువల్ మెషీనే సరైన దారి. ఇన్‌డిజైన్ మంచి సాఫ్ట్‌వేరే. కానీ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవగలిగిన చివరి వెర్షన్ సీఎస్6. ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు వాటిని తీసుకోవు. సీఎస్6 ఎక్కడైనా దొరికినా, అది పంక్తులు విరిచే పద్ధతి వేరు. ఒక పేరాలో ఒక్క మాట కింది పంక్తిలోకి దిగితే చాలు, అధ్యాయం చివరికి వచ్చేసరికి పేజీ మారిపోతుంది. మీ సూచికకి అదే ప్రమాదం.

సెటప్ ఎందుకు నడవలేదంటే, విండోస్ 11 64 బిట్‌లో మాత్రమే వస్తుంది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ, 16 బిట్‌వి అస్సలు నడవవు. ఆ భాగాన్నే అందులో పెట్టలేదు. తొంభైల్లో వచ్చిన చాలా ప్రోగ్రాములు తాము 32 బిట్‌వే అయినా, వాటి సెటప్ ఫైలు 16 బిట్‌ది. కంపాటిబిలిటీ ట్యాబ్ చేసేది ప్రోగ్రాముకి విండోస్ వెర్షన్ పాతదని చూపించడం, అలాంటి కొన్ని సర్దుబాట్లు. లేని భాగాన్ని అది తెచ్చి పెట్టలేదు.

వర్చువల్ మెషీన్‌లో సంగతి వేరు. అక్కడ ఎక్స్‌పీ మొత్తం దాని సొంత డిస్కుతో, సొంత ర్యామ్‌తో నడుస్తుంది. పేజ్‌మేకర్‌కి బయట విండోస్ 11 ఉందన్న సంగతే తెలియదు.

సాఫ్ట్‌వేర్ రెండింటిలో ఏదైనా పెట్టుకోవచ్చు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుంచి వ్యాపార అవసరాలకూ ఉచితమే. వర్చువల్‌బాక్స్ కూడా ఉచితం. కాకపోతే దాని ఎక్స్‌టెన్షన్ ప్యాక్ లైసెన్సు వేరు, అది సొంత వాడకానికే ఉచితం. మీది షాపు కాబట్టి ఆ ప్యాక్ జోలికి వెళ్లొద్దు, మీకు దాని అవసరమూ లేదు. నేను వర్చువల్‌బాక్స్ పేర్లతో చెబుతాను.

ముందు బయాస్‌లోకి (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్) వెళ్లి ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. తర్వాత ఎక్స్‌పీకి కొత్త మెషీన్ చేసి ఒక్క ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఇవ్వండి. ర్యామ్ ఉంది కదా అని ఎక్కువ ఇస్తే లాభమేమీ లేదు. డిస్కును మాత్రం కొత్త పద్ధతి సాటా కింద కాకుండా పాత పద్ధతి ఐడీఈ కింద తగిలించండి. ఎక్స్‌పీ సీడీలో కొత్త సాటా పద్ధతికి డ్రైవర్ ఉండదు. అది తగిలిస్తే ఇన్‌స్టాల్ మధ్యలోనే ఎర్రర్ నంబరు చివర 7బీ ఉన్న నీలం తెర వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఎక్స్‌పీ ఇక రాదనుకుంటారు.

పాత డిస్కును ఉన్నదున్నట్టు వర్చువల్ డిస్కుగా మార్చే పద్ధతి కూడా ఉంది. మీకు దాన్ని సిఫారసు చేయను. పాత మదర్‌బోర్డు డ్రైవర్లు అందులో ఉండిపోతాయి, మళ్లీ అదే నీలం తెర. పైగా బ్రాండెడ్ సిస్టమ్‌తో వచ్చిన ఎక్స్‌పీ లైసెన్సు ఆ సిస్టమ్‌కే పరిమితం, కొత్త చోట యాక్టివేషన్ అడుగుతుంది. మీ దగ్గర విడిగా కొన్న ఎక్స్‌పీ సీడీ, కీ ఉంటే శుభ్రంగా కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలు.

ఇక డిస్కుల సంగతి. మీ పాత సిస్టమ్‌లో పుస్తకాలు డీ డ్రైవ్‌లో ఉండి ఉంటాయి. పేజ్‌మేకర్ ఫైలు తనలో లింకు చేసిన బొమ్మల పూర్తి దారిని గుర్తు పెట్టుకుంటుంది. అందుకని రెండో వర్చువల్ డిస్కు ఒకటి చేసి, దానికి డీ అనే అక్షరమే ఇచ్చి, ఫోల్డర్ల పేర్లు అచ్చం పాతవే ఉంచండి. కంట్రోల్, షిఫ్ట్, డీ కలిపి నొక్కితే లింకుల పట్టిక వస్తుంది. అందులో ఒక్క ప్రశ్నార్థకం కూడా లేకుండా చూసుకున్నాకే పని మొదలుపెట్టండి. మూలికల రేఖాచిత్రాలు ఉన్నాయంటే అన్నీ టిఫ్ ఫైళ్లే అయ్యుంటాయి. లింకు తెగితే తెరమీద బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, ప్లేటులో మాత్రం గరుకుగా పడుతుంది.

ఫైళ్లు లోపలికి, బయటికి పంపడానికి షేర్డ్ ఫోల్డర్ ఉంటుంది. ఎక్స్‌పీ లోపల వర్చువల్‌బాక్స్‌ వాళ్ల గెస్ట్ అడిషన్స్ ఇన్‌స్టాల్ చేస్తే అది పనిచేస్తుంది. కానీ పేజ్‌మేకర్ ఫైలును (పీ65) షేర్డ్ ఫోల్డర్లో పెట్టి అక్కడే తెరవొద్దు. పేజ్‌మేకర్ మీరు పేజీ తిప్పిన ప్రతిసారీ తనంతట తాను మినీ సేవ్ చేసుకుంటుంది. అంటే ఫైలు మీదికి రాస్తూనే ఉంటుంది. మధ్యలో షేరింగ్ తెగితే ఫైలు పాడవుతుంది. ముందు లోపలి డీ డ్రైవ్‌కి కాపీ చేసుకోండి, అక్కడ పని చేయండి, అయ్యాక బయటికి పంపండి. నేనైతే రెండు షేర్డ్ ఫోల్డర్లు పెడతాను. లోపలికి తెచ్చేది రీడ్ ఓన్లీ, బయటికి పంపేది ఖాళీగా వేరే ఒకటి.

ఇంటర్నెట్ మాత్రం వద్దు. నెట్‌వర్క్ అడాప్టర్ దగ్గర దేనికీ తగిలించలేదు అనే ఆప్షన్ పెట్టండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. కంపోజింగ్‌కి నెట్ అవసరం లేదు, షేర్డ్ ఫోల్డర్‌కీ నెట్ అక్కర్లేదు.

అను కీబోర్డు పనిచేస్తుంది. లోపలి ఎక్స్‌పీకి మీ కీబోర్డు మామూలు కీబోర్డులాగే కనిపిస్తుంది. బయట విండోస్ 11లో మాత్రం ఇంగ్లిష్ కీబోర్డే ఉంచండి, లేకపోతే రెండూ కలిసి అక్షరాలు గజిబిజి అవుతాయి. వర్చువల్‌బాక్స్ కుడివైపు కంట్రోల్ కీని తన సొంతానికి వాడుకుంటుంది. మీకు ఆ కీ అలవాటైతే సెట్టింగ్స్‌లో వేరే కీకి మార్చుకోండి.

తెనాలి డీటీపీ

బెజవాడ ప్రీప్రెస్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు కృతజ్ఞతలు. మా దగ్గర ఎక్స్‌పీ సీడీ పెట్టెతో సహా ఉంది, కీ దాని మీదే ఉంది. మీరు చెప్పినట్టే ఐడీఈ కింద పెడితే ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయింది. పేజ్‌మేకర్, అను కూడా ఎక్కాయి. తెర మీద ఆ పాత పచ్చటి కొండ వాల్‌పేపర్ చూసి మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది, పాత శుభలేఖలు తెరవమని. ఇప్పుడు మూడు చోట్ల టెన్షన్‌గా ఉంది.

ఒకటి, కింద స్టేటస్ బార్‌లో తాబేలు బొమ్మ కనిపిస్తోంది. అదేమిటి? రెండు, పుస్తకం మొదటి ఫైలు తెరవగానే పానోస్ అని ఒక డబ్బా వచ్చింది. ఎడమవైపు నా ఫాంటు పేరు, కుడివైపు కొరియర్ అని ఉంది. మూసేశాను, ఏమీ సేవ్ చేయలేదు. మూడు, ఫాంట్లు సరిగ్గా ఉన్న ఇంకో అధ్యాయం తెరిచి చూస్తే, అచ్చయిన పుస్తకంలో 118వ పేజీ చివరి పంక్తిలో ఉన్న మాట 119లోకి వెళ్లింది. నాకు భయమైన సంగతే ఇది.

బెజవాడ ప్రీప్రెస్

మూడోదానితో మొదలుపెడతాను, మీ పుస్తకానికి ప్రాణం అదే.

పేజ్‌మేకర్ పంక్తులు విరిచేటప్పుడు ప్రింటరును లెక్కలోకి తీసుకుంటుంది. ఫైల్ మెనూలో డాక్యుమెంట్ సెటప్ తెరవండి. అడుగున కంపోజ్ టు ప్రింటర్ అని ఉంటుంది, దాని పక్కనే రిజల్యూషన్. అప్పట్లో ఏ ప్రింటరు పెట్టి కంపోజ్ చేశారో అదే ఇక్కడ ఉండాలి. కొత్త ఎక్స్‌పీలో ఆ ప్రింటరు లేదు కాబట్టి అక్షరాల వెడల్పు లెక్క వెంట్రుకవాసి తేడా వస్తుంది. 118వ పేజీలో మీరు చూసింది అదే. పాత లేజర్ ప్రింటరు ఇప్పుడు మీ దగ్గర లేకపోయినా ఫరవాలేదు, డ్రైవర్ ఉంటే చాలు. ఎక్స్‌పీలో యాడ్ ప్రింటర్‌కి వెళ్లి, అదే మోడల్ ఎంచుకుని, పోర్టు దగ్గర ఫైల్ అని పెట్టండి. మోడల్ గుర్తు లేకపోతే, ఫైలు తెరిచి ఏదీ మార్చకముందే డాక్యుమెంట్ సెటప్‌లో ఏ పేరుందో చూసి కాగితం మీద రాసుకోండి. పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని వర్ణించే భాష) ప్రింటరు అయితే, పాత డిస్కులో పేజ్‌మేకర్ ఫోల్డర్ లోపలున్న పీపీడీ ఫైళ్లను (ప్రింటరు వివరాలుండేవి) కూడా తెచ్చి కొత్త దానిలో అదే చోట పెట్టండి.

ఆ తర్వాత అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని, ప్రతి అధ్యాయంలో మొదటి పేజీ మొదటి పంక్తి, చివరి పేజీ చివరి పంక్తి కలిపి చూడండి. అవి రెండూ కుదిరితే మధ్యలో జరిగే అవకాశం తక్కువ. పదసూచికలో మోతాదుల పేజీలు మాత్రం ఒక్కొక్కటీ చూడాల్సిందే.

పానోస్ డబ్బా అంటే ఫైలు అడిగిన ఫాంటు సిస్టమ్‌లో లేదు, దానికి దగ్గరగా ఉందనుకున్నది పేజ్‌మేకర్ పెట్టబోతోంది. తెలుగు ఫాంటుకి కొరియర్ పెడితే మొత్తం ఇంగ్లిష్ అక్షరాల గందరగోళమే. మీరు సేవ్ చేయకుండా మూయడం మంచి పని. పాత డిస్కులోని ఫాంట్స్ ఫోల్డర్ నుంచి మీ తెలుగు ఫాంట్లన్నీ తెచ్చుకోండి. కొత్త సీడీలోవి కాదు, ఆ పాత డిస్కులోవే. ఒకే పేరున్న ఫాంటుకి కూడా వెర్షన్ మారితే అక్షరాల వెడల్పు మారొచ్చు. ఏ ఫైలు మీదైనా పని మొదలుపెట్టే ముందు దాని కాపీ మీదే చేయండి, మినీ సేవ్ సంగతి చెప్పాను కదా.

తాబేలు అంటే విండోస్ 11 తన భద్రత కోసం ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను ముందే తీసుకుంది, వర్చువల్‌బాక్స్ దాని ద్వారా నడవాల్సి వస్తోంది అని గుర్తు. డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆపితే చాలాసార్లు తాబేలు పోతుంది. నేనైతే ముందే ఆపమనను. అది మీ బయటి సిస్టమ్‌కి కాపలా. బ్యాంకు పనులు, మెయిళ్లు అన్నీ బయటే చేస్తారు. పేజీ తిప్పితే వెంటనే తిరుగుతోందా, టైపు చేస్తే అక్షరం వెంటనే పడుతోందా చూడండి. పేజ్‌మేకర్ 6.5 పుట్టిన నాటి ప్రాసెసర్లతో పోలిస్తే మీ ఐ5 తాబేలుతో కూడా చాలా ఎక్కువ. మరీ ఆగి ఆగి నడుస్తుంటే అప్పుడు ఆలోచిద్దాం.

పీడీఎఫ్ కోసం ఎక్స్‌పీలో ఇంకేమీ వేయొద్దు. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరు ఎంచుకుని, ఫాంట్లు ఫైల్లోకి చేరేలా పెట్టి, పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా రాయించండి. ఆ ఫైలు బయటికి తెచ్చి విండోస్ 11లో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేయండి. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ తెరిచి ప్రతి ఫాంటు పక్కన ఎంబెడెడ్ (ఫైల్లోనే చేరింది) అని ఉందో లేదో చూశాకే ప్లేటుకి పంపండి.

యూనికోడ్ ఉప్పల్

చర్చ బాగుంది. ఇద్దరికీ నమస్కారం. నేను కొంచెం వేరే మాట చెప్పాలనుకుంటున్నాను, తప్పుగా అనుకోవద్దు. వర్చువల్ మెషీన్ ఈ ఒక్క పుస్తకానికి సరే. కానీ మీ డిస్కులో ఇన్నేళ్ల పుస్తకాలు ఉన్నాయి. వాటిని అను ఫాంట్లలోనే ఉంచితే, ఈ ఎక్స్‌పీ డబ్బా ఎంతకాలం తెరుచుకుంటే అంతకాలమే అవి తెలుగు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో ముక్కలుగా కూర్చుని ఉంటాయి. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని గుర్తులు. గూగుల్‌లో వెతికితే దొరకదు, ఫోన్‌లో చదవలేం, కళ్లు కనిపించని వాళ్లకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు. పీడీఎఫ్ చేసినా అంతే, చూడటానికే తెలుగు.

అందుకే ఆ వర్చువల్ మెషీన్‌ను పాత ఫైళ్లలోంచి మాటలు బయటికి తీసే సాధనంగా కూడా వాడండి. పేజ్‌మేకర్‌లో స్టోరీ (ఒకే వరుసలో సాగే పాఠం) మీద కర్సర్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే టెక్స్ట్ వస్తుంది. దాన్ని అను నుంచి యూనికోడ్‌కి (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే ఉండే అక్షర పద్ధతి) మార్చే కన్వర్టర్లలో వేయొచ్చు. మీ ఫాంటు ఏ వెర్షనో చూసి దానికి తగ్గ కన్వర్టర్ ఎంచుకోవాలి.

కన్వర్టర్ తర్వాత ప్రూఫు తప్పదు. మామూలు వచనం బాగానే వస్తుంది. తడబడేది కొన్ని చోట్లే, కానీ ఆ చోట్లు మీ ఆయుర్వేద పుస్తకంలో ఎక్కువ. శాస్త్రం, ఉష్ట్రం లాంటి మాటల్లో రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి వచ్చినప్పుడు వాటి క్రమం తారుమారవుతుంది. పాత పద్ధతిలో వలపల గిలక (అక్షరం పక్కన వేసే ర గుర్తు) వాడి ఉంటే అది పక్క అక్షరానికి అతుక్కుంటుంది. పద్యాలుంటే అరసున్నలు మాయమవుతాయి, బండి ఱ కాస్తా మామూలు ర అవుతుంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట కింద వ వత్తు పడి కూర్చుంటుంది. ఇవన్నీ వెతికి మార్చడానికి ముందే ఒక జాబితా రాసి పెట్టుకుంటే పని సగం తగ్గుతుంది.

కొత్త పుస్తకాలైనా యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఇన్‌డిజైన్‌లో సీఎస్6 నుంచి తెలుగు సరిగ్గా కూర్చుంటుంది, వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఖర్చు వద్దనుకుంటే స్క్రైబస్ 1.6 ఉచితం, తెలుగు వత్తులు అందులోనూ సరిగ్గా వస్తున్నాయి. ఫాంట్లు లేవన్న బాధ కూడా ఇప్పుడు లేదు. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పుస్తకం వచనానికి మండలి చక్కగా ఉంటుంది.

బెజవాడ ప్రీప్రెస్

ఉప్పల్ గారి మాటతో నాకు పేచీ లేదు. కానీ వరుస ముఖ్యం. పునర్ముద్రణ గడువు ముందున్నప్పుడు యూనికోడ్‌కి మార్చి, మళ్లీ పేజీలు కట్టి, మోతాదులు మళ్లీ ప్రూఫు చూడటం అంటే కొత్త పుస్తకం చేసినట్టే. పాత రూపంలో అచ్చు అయిపోనివ్వండి. ఆ దిద్దిన పాఠాన్నే తర్వాత యూనికోడ్‌కి తీసుకెళ్లొచ్చు, అప్పుడు పెన్సిలు దిద్దుబాట్లు కూడా అందులో ఉంటాయి.

ఎడిసన్ నుంచి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఈ చర్చ చదివాక ధైర్యం వచ్చి అడుగుతున్నాను. మా నాన్నగారు తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆయన రాసిన శతకం పేజ్‌మేకర్ ఫైలు ఒక సీడీలో ఉంది. నా దగ్గర ఉన్నది ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్. అచ్చు వేయించే ఉద్దేశం లేదు, పద్యాలు చదవగలిగితే చాలు. మ్యాక్‌లో ఇది కుదురుతుందా?

బెజవాడ ప్రీప్రెస్

మీ మ్యాక్ ప్రాసెసర్ జాతి వేరండి. ఎక్స్‌పీ ఇంటెల్ తరహా ప్రాసెసర్‌కి రాసింది, మీది ఆర్మ్. వర్చువల్ మెషీన్ లోపలి ప్రోగ్రాము సూచనలను నేరుగా ప్రాసెసర్‌కే అందిస్తుంది, కాబట్టి రెండూ ఒకే జాతివి కావాలి. మీ దగ్గర కావలసింది ఎమ్యులేషన్, అంటే ప్రతి సూచననూ అప్పటికప్పుడు మార్చి నడపడం. యూటీఎం అనే ఉచిత యాప్‌లో కొత్త మెషీన్ చేసేటప్పుడు వర్చువలైజ్ కాకుండా ఎమ్యులేట్ ఎంచుకోండి. ఎక్స్‌పీ నడుస్తుంది, నిదానంగా. రోజంతా కూర్చుని పని చేయడానికి పనికిరాదు గానీ, ఒక ఫైలు తెరిచి పద్యాలు బయటికి తీయడానికి సరిపోతుంది. ఆయన వాడిన ఫాంట్లు అదే సీడీలో ఉన్నాయేమో ముందు చూడండి. అవి లేకపోతే పద్యాలు తెలుగులో కనిపించవు.

తెనాలి డీటీపీ

ఎడిసన్ గారూ, ఇంత కష్టం మీకెందుకు? శతకం అంటే మహా అయితే ముప్ఫై పేజీలుంటుంది. ఫైలు నాకు పంపండి, మా దగ్గర తెరిచి పీడీఎఫ్, టెక్స్ట్ రెండూ తీసి పంపుతాను. అప్పట్లో ఎక్కువమంది వాడిన ఫాంట్లన్నీ మా పాత డిస్కులో ఉన్నాయి. పద్యాల్లో అరసున్నలు నేనే సరిచూస్తాను, మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నది అదే.

ఇక మా పుస్తకం సంగతి. బెజవాడ ప్రీప్రెస్ గారు చెప్పినట్టు డాక్యుమెంట్ సెటప్ తెరిస్తే పాత లేజర్ ప్రింటరు పేరు అలాగే ఉంది. ఎక్స్‌పీ డ్రైవర్ల జాబితాలోనే ఆ మోడల్ దొరికింది. ఫైల్ పోర్టుకి పెట్టి, పాత డిస్కులోని ఫాంట్లు తెచ్చి మళ్లీ తెరిస్తే 118వ పేజీ చివరి మాట తన చోటికి వచ్చేసింది. అచ్చు పుస్తకంతో కలిపి చూసుకుంటూ వచ్చాను, అధ్యాయాలన్నీ కుదిరాయి. దిద్దుబాట్లు వేశాక త్రిఫల చూర్ణం దగ్గర ఒక పేరా మాత్రం ఒక పంక్తి పెరిగింది. ఆ పేరాలోనే అక్షరాల మధ్య ఖాళీ కొద్దిగా తగ్గించి పంక్తిని వెనక్కి తెచ్చాను, పేజీ కదల్లేదు.

తాబేలు అలాగే ఉంది. పేజీ తిప్పితే వెంటనే తిరుగుతోంది కాబట్టి మెమరీ ఇంటెగ్రిటీ ముట్టుకోలేదు.

మొదటి ఫారం పీడీఎఫ్ ప్లేటు వాళ్లకి పంపాను, ఫాంట్లన్నీ ఎంబెడెడ్ అని చూశాకే. సరిపోయిందని చెప్పారు. సూచికలో మోతాదుల పేజీలు వైద్యుల గారి అబ్బాయి, నేను ఎదురెదురుగా కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరం చూస్తున్నాం, ఇంకా త వర్గం దాకా వచ్చాం.

ఒక చివరి సందేహం. మొత్తం అయ్యాక ఈ ఎక్స్‌పీ మెషీన్‌ను దాచుకోవడానికి ఫోల్డర్ కాపీ చేస్తే చాలా, ఇంకేమైనా చేయాలా?

బెజవాడ ప్రీప్రెస్

లోపలి ఎక్స్‌పీని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. సేవ్డ్ స్టేట్‌లో ఉంచి కాపీ చేయొద్దు, వేరే ప్రాసెసర్ ఉన్న సిస్టమ్‌లో అది తెరుచుకోకపోవచ్చు. తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ ఇస్తే రెండు డిస్కులూ, సెట్టింగ్సూ కలిపి ఓవీఏ అనే ఒకే ఫైలు వస్తుంది. వీఎంవేర్ కూడా దాన్ని తీసుకుంటుంది. రెండు వేర్వేరు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో పెట్టి, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో ఉంచండి. ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ కీలు కాగితం మీద రాసి ఆ డిస్కుతో పాటే పెట్టండి. పాత హార్డ్ డిస్కును మాత్రం ఫార్మాట్ చేయొద్దు, పుస్తకం అచ్చయి చేతికి వచ్చేదాకా అలాగే ఉండనివ్వండి.